నాలుగో జ్వరం నాటి వానచప్పుడు

మా వంశంలో బి.ఏ. పాసైన మొదటివాణ్ణి నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి. నాలుగు రోజులపాటు దీన్ని నోట్లోనే అదిమి పెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాను.

రెండో మాట. దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. పెనుకొండ హైస్కూల్లో చదివేటప్పుడు, కొండ కింద పాడుబడ్డ బురుజులో ఎవరో తిరుగుతారని తోటిపిల్లలు పందెం కాశారు. నేనొక్కణ్ణే సాయంత్రం పోయి అందులో కూర్చొని లెక్కలు చేసుకొని వచ్చాను. గబ్బిలాలు తప్ప ఎవరూ రాలేదు. లెక్కలు మాత్రం రెండు తప్పు వచ్చాయి.

ఇక అసలు సంగతి. ఇది జరిగి నాలుగు నెలలే అయింది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

మా నాయన ధర్మవరం దగ్గర పల్లెలో వేరుశనగ పండించే రైతు. వేలిముద్ర వేస్తాడు. నన్ను చదివించాలని పట్టుబట్టింది ఆయన కాదు, మా నారాయణప్ప మామ. మా నాయన చెల్లెలు నాగమ్మత్త భర్త. వాళ్ళది పరిగి దగ్గర పల్లె. హిందూపురంలో దిగి బస్సెక్కాలి. వాళ్ళకు పిల్లల్లేరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి సెలవులూ అక్కడే గడిచాయి.

మామకు చదువు రాదు. కానీ నేను చదువుతుంటే వినడం ఆయనకు పిచ్చి. హిందూపురం సంతకు తీసుకుపోయి కనిపించిన బోర్డల్లా చదివించేవాడు. కన్నడంలో రాసిన బోర్డు నేను చదవలేకపోతే, "ఇంగా ఒకటి మిగిలిందిలే నీకు" అని నవ్వేవాడు.

కాలేజీకి నన్ను అనంతపురం పంపిన రోజు ధర్మవరం స్టేషనులో ఆయన ఒక మాట తీసుకున్నాడు.

"ఓబులేసూ, పాసైనావంటే ఆ మాట ముందు నా చెవిన పడాల. మీ నాయనకు ముందు చెప్తివా, ఆయప్ప ఊరంతా టముకేస్తాడు. నా దాకా వచ్చేటప్పటికి అది పాత కబురైతాది."

సరేనన్నాను. నవ్వుతూ అన్న మాటే. కానీ నాలుగేళ్ళూ ప్రతి పరీక్షకు ముందు అది నాకు గుర్తొచ్చేది.

అత్తవాళ్ళ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. వాటి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు.

వెదురు తట్టల్లో పురుగులుంటాయి. తట్టలు చట్రాల మీద వరసగా ఒకదానిపై ఒకటి ఉంటాయి. రోజుకు నాలుగైదుసార్లు మల్బరీ ఆకు వేయాలి. పురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు పాత చర్మం వదిలి కొత్త చర్మం తొడుక్కుంటుంది. ఆ సమయాన్ని మా వైపు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు. జ్వరంలో ఉన్న పురుగు ఆకు ముట్టదు. తల పైకెత్తి, కదలకుండా, ఒకటిన్నర రోజు దాకా అలాగే ఉండిపోతుంది. గదిలో చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం.

నాలుగో జ్వరం నుంచి లేచాక మాత్రం తిండే తిండి. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు నములుతుంటే ఆ చప్పుడు అచ్చం వానలా ఉంటుంది. ఎండిన ఆకుల మీద సన్నగా, ఎడతెరిపి లేకుండా పడే వాన. మామ ఆ గది బయట నడవలో చాప వేసుకొని పడుకొని, "మన సీమలో ఏటేటా తప్పకుండా పడే వాన ఇదొక్కటే" అనేవాడు. అత్త ఆయన కాళ్ళ దగ్గర గోడకానుకొని కూర్చొని వినేది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. చిన్నప్పుడు నాకది విసుగ్గా ఉండేది.

మామ పోయింది నా చివరి పరీక్షల వారంలో. తోటలో ఆకు కోసి మోపు నెత్తిన పెట్టుకున్నాడట. నాలుగడుగులు వేసి కూలబడ్డాడట. అంతే.

నాకెవరూ చెప్పలేదు. చెప్పొద్దని పట్టుబట్టింది అత్తే. "పరీచ్చలైనాక చెప్పండి. ఆయప్ప ఉన్నా ఇట్లే అంటాడు" అందట. శవం పక్కన కూర్చొని ఆమె మాట్లాడిన చివరి మాట అదేనని తర్వాత తెలిసింది.

పరీక్షలయ్యాక పరుగెత్తుకొని పోయాను. అత్త నన్ను చూసింది. గోడను చూసినట్టు చూసింది. ఏడవలేదు, పలకలేదు. పురుగుల గది గోడకానుకొని, ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చొని ఉంది.

నేనప్పుడు చేసిన తప్పు ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. రెండు రోజులు ఆమె ముందు కూర్చొని మాట్లాడుతూనే ఉన్నాను. పుట్టినవాళ్ళు పోక తప్పదన్నాను. నీకు నేను కొడుకు లాంటివాణ్ణి కాదా అన్నాను. కాలేజీలో విన్న పెద్దమాటలన్నీ చెప్పాను. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆమె నోరు తెరవలేదు. మూడో రోజు నేనే ఓడిపోయి ఊరికి వచ్చేశాను.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. పేపరు ధర్మవరానికి రైల్లో వస్తుందని పొద్దున్నే స్టేషనుకు పోయి నిలబడ్డాను. సెకండ్ క్లాసు వరసలో నా నంబరు ఉంది. వేలు పెట్టి మూడుసార్లు చూశాను. పక్కన నిలబడ్డ ఆయన్ను కూడా చూడమన్నాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చూసి, "ఉండాదప్పా, యాడికీ పోదు, కాగితం చించొద్దు" అన్నాడు.

ఊరు మూడు మైళ్ళే. కానీ కాళ్ళు అటు పోలేదు. మామకిచ్చిన మాట ఉంది. ఆయన చెవి లేదు, నిజమే. ఆయన తర్వాత ముందు వినాల్సింది అత్త. పేపరు మడిచి చొక్కా జేబులో పెట్టుకొని హిందూపురం పోయే ప్యాసింజరు ఎక్కాను.

అంత ఆనందాన్ని మూసిపెట్టుకొని రైల్లో కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. పెనుకొండలో, తలరాత చూడండి, మా హైస్కూల్ లెక్కల మాస్టారు నా పెట్టెలోకే ఎక్కారు.

"ఏమ్రా ఓబులేసూ, రిజల్ట్స్ ఎప్పుడంట?"

"ఇంకా తెలీలేదు సార్" అన్నాను.

ఆయన నా మొహం వైపు అనుమానంగా చూశారు. ఫెయిలై అబద్ధమాడుతున్నాననుకున్నారు కాబోలు. జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి నా దోసిట్లో పోసి, "సెప్టెంబరులో మళ్ళీ రాయొచ్చులే. దిగులు పడొద్దు" అన్నారు. హిందూపురం దాకా ఆయన శనక్కాయలు తింటూ ఓదార్పు విన్నాను. (సార్, ఇది చదివితే క్షమించండి.)

అత్తవాళ్ళ గడపలో కాలు పెట్టేటప్పటికి నా మొహం ఎలా ఉందో నాకే తెలియదు. ఎదురుగా రత్నమ్మ పెద్దమ్మ నిలబడి ఉంది. ఆమె మామకు అక్క. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉంటోంది.

"ఏమప్పా, పండ్లన్నీ కనపడేట్లు నవ్వుతా వస్తాండావు. ఇది నవ్వుతా వచ్చే ఇల్లా?"

పేపరు కోసం జేబులోకి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అత్త అదే చోట, అదే గోడకు ఆనుకొని ఉంది. రెండు నెలల్లో సగమైంది. మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. ఎవరైనా చేతిలో గిన్నె పెడితే ఒక పూట గంజి తాగుతుంది, ఒక పూట తాగదు. మాట లేదు. ఒక్క కన్నీటి చుక్క కూడా రాలేదట. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటోంది. మొగుడు పోతే ఏడవని ఆడది ఉంటుందా, దానికేదో పట్టిందని.

రత్నమ్మ పెద్దమ్మ కూడా అదే నమ్మింది. గోరంట్ల అవతల ఒకాయన గాలి సోకినవాళ్ళకు వేపమండలతో కొట్టి వదిలిస్తాడు. వచ్చే ఆదివారం అత్తను అక్కడికి తీసుకుపోవాలని ఆమె పట్టు. నేను వెళ్ళింది బుధవారం. అత్త ఉన్న స్థితికి నాలుగు దెబ్బలు పడితే ప్రాణం నిలుస్తుందా అని నాకు భయమేసింది.

అవ్వ ఒప్పుకోలేదు. అవ్వ అంటే మామ తల్లి. డెబ్భై దాటిన మనిషి. ఎడమచెవి పూర్తిగా వినపడదు, కుడిచెవిలో గట్టిగా అరవాలి. కొడుకు పోయిన పదకొండు రోజులు మైల గనక పురుగులను పక్కింటివాళ్ళు చూసుకున్నారట. పన్నెండో రోజు నుంచి మళ్ళీ ఆమే కూలిమనిషిని పెట్టుకొని పెంపకం నడుపుతోంది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు నా ముందే వాదులాడుకున్నారు.

"చదువుకున్నోడివి, నువ్వు చెప్పబ్బా" అంది రత్నమ్మ పెద్దమ్మ. "అది ఏడ్సదు, తినదు, పలకదు. గాలి గాకపోతే ఏందిది?"

"అవ్వ చెప్పినట్లే కానీ పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు ఎన్ని బుక్కులు చదివితే ఏం లాభం" అంది ఆమె. ఆమెకు అత్తంటే కోపం కాదు. తమ్ముడు పోయాడు, ఆయన వెనకే మరదలూ పోతుందేమోనని భయం. భయపడ్డ మనిషి ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేదు.

మర్నాడు పొద్దున అవ్వ నన్ను పురుగుల గదిలోకి పిలిచింది. కాళ్ళు కడుక్కొని పోయాను. పురుగులు చివరి ఆకు తింటున్నాయి. శుక్రవారానికి నాలుగో జ్వరంలోకి పోతాయంది.

"జొరంలో ఉండేదానికి ఆకేస్తే ఏమైతాది, చెప్పు."

"తినదు అవ్వా" అని ఆమె కుడిచెవిలో అరిచాను.

"తినదు. ఆ ఆకు దాని మీద పడి కుళ్ళుతాది. తడికి పురుగు చస్తాది. కొత్తగా పెంచేటోళ్ళు జేసే తప్పే అది. అయ్యో, పొద్దున్నుంచి తినల్యా అని ప్రేమతో ఏస్తారు. ప్రేమతోనే చంపుతారు." ఆమె తట్ట అంచు తుడుస్తూ అంది, "నా కోడలు జొరంలో ఉండాది. లేస్తాది. ఎప్పుడు లేస్తాదో దానికే తెల్ల, నీకూ నాకూ ఏం తెలుస్తాది? అంతదంకా పక్కన ఉండు. ఆకు మాత్రం పొయ్యొద్దు."

వేసవిలో నేను అత్త మీద ఎంత ఆకు పోశానో అప్పుడు అర్థమైంది. జేబులో ఉన్నది కూడా ఆకే కదా అనిపించింది. మంచి లేత ఆకు, కానీ ఆకే. చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. అవ్వకు కూడా చెప్పలేదు.

మూడు రోజులు అత్త పక్కన ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అందుకని చేతికి పని వెతుక్కున్నాను. పురుగు గూడు కట్టుకోవడానికి చంద్రిక అని ఒకటి ఉంటుంది. పెద్ద చాప మీద వెదురు బద్దను ముగ్గులాగా చుట్లు చుట్లుగా నిలబెట్టి కడతారు. మామ సగం కట్టి వదిలేసిన చంద్రిక నడవలో గోడకానించి ఉంది. దాన్ని కింద పరిచి మిగతాది కట్టడం మొదలుపెట్టాను.

నా చేతికి కట్టు కుదరలేదు. చుట్టు దగ్గరైపోయేది, లేకపోతే జారిపోయేది. మొదటి రోజు అత్త చూడలేదు. రెండో రోజు చూసింది. శనివారం పొద్దున నేను కట్టిన చుట్టును ఆమె ఏమీ అనకుండా విప్పేసింది. చుట్టుకూ చుట్టుకూ మధ్య రెండు వేళ్ళ సందు పెట్టి, తానే కట్టి, మళ్ళీ గోడకానుకుంది. అవ్వ దూరం నుంచి చూసింది. నావైపు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

మధ్యమధ్యలో నా చెయ్యి జేబు మీదికి పోయేది. అది నాకు తెలియకుండానే జరిగేది.

ఆ శనివారం పొద్దుటి బస్సుకే రత్నమ్మ పెద్దమ్మ గోరంట్లకు పోయింది, మర్నాటికి అంతా మాట్లాడి రావడానికి. ఇంట్లో మేము ముగ్గురమే మిగిలాం. పురుగులు శుక్రవారం సాయంత్రానికే జ్వరంలోకి పోయాయి. ఆదివారం పొద్దున లేస్తాయని అవ్వ లెక్క. గది తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. కూలిమనిషి కోసుకొచ్చిన ఆకు గంపలో, తడి గోనెపట్టా కింద, తలుపు బయటే ఉంది.

మధ్యాహ్నం మూడు గంటల వేళ. నడవలో అవ్వ చేటలో రాగులు చెరుగుతోంది. అత్త గోడకానుకొని ఉంది. నేను చంద్రిక కడుతున్నాను.

ముందు చెరగడం ఆపింది అవ్వ. ఇది గుర్తుపెట్టుకోండి. మాలో చెవులు వినపడని మనిషి ఆమే. చేట ఒళ్ళో పెట్టుకొని తల పక్కకు తిప్పింది.

తర్వాత నాకు వినిపించింది. ముందు ఒకటీ అరా చినుకుల్లాగా. తర్వాత సన్నగా, ఒకే తీరుగా. వానొచ్చిందనుకొని, ఎండబెట్టిన రాగులు తడుస్తాయని ఇంటి ముందున్న వాకిట్లోకి పరుగెత్తాను. ఎండ మండిపోతోంది. మబ్బు లేదు. అక్కడ ఏ చప్పుడూ లేదు. తిరిగి నడవలోకి వచ్చాను. చప్పుడుంది.

"ఆకేసినావా?" అని అవ్వ అడిగింది.

"లేదవ్వా. ఆకు గంపలోనే ఉండాది." ఆమె కుడిచెవిలో అరిచి, గోనెపట్టా ఎత్తి చూపించాను. ఆకు నిండుగా, ఉన్నది ఉన్నట్టే ఉంది.

"మరి లేసినాయా, ఇప్పుడే?" అంటూ అవ్వ లేచింది. గొళ్ళెం తీసింది నేను.

చప్పుడు గదిలోనే ఉంది. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడు, వేల నోళ్ళు ఆకు నమిలే చప్పుడు. తలుపు తియ్యగానే కొంచెం పెద్దదైంది కూడా. కానీ తట్టల్లో ఆకు లేదు. జ్వరమప్పుడు చల్లే సున్నప్పొడి తెల్లగా అలాగే ఉంది. పురుగులన్నీ తల పైకెత్తి, కదలకుండా ఉన్నాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తింటున్నది లేదు.

ఒక తట్టకు చెవి పెట్టాను. చప్పుడు పెరగలేదు. ఎదురు వరసలో ఇంకో తట్టకు పెట్టాను. అంతే ఉంది. కప్పు వైపు చూశాను. అది బండలు పరిచిన మిద్దె. ఎలుకలు తిరగడానికి బోద గడ్డి లేదు, చెదలు తినడానికి దూలం లేదు. ఊళ్ళో పురుగులు పెంచే ఇల్లు ఇంకొకటి ఉంది, వీధి అవతలి చివర. వాళ్ళూ మేమూ ఒకే రోజు గుడ్లు తెచ్చుకున్నాం. వాళ్ళవీ ఆ రోజు జ్వరంలోనే ఉన్నాయి. తర్వాత పోయి అడిగి తెలుసుకున్నాను.

నాకు భయం వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

వెనక్కి తిరిగితే అత్త గడప దగ్గర నిలబడి ఉంది. తనంతట తాను లేచి వచ్చింది. ఏడాది తిరిగేదాకా ఆమె పురుగుల గదిలో అడుగు పెట్టకూడదని రత్నమ్మ పెద్దమ్మ కట్టడి. అవ్వ చెయ్యి చాచి, "రామ్మా, నీ ఇల్లే గదా" అంది. అత్త లోపలికి వచ్చింది.

కాసేపు వింది. తర్వాత రెండు నెలల్లో మొదటిసారి నోరు తెరిచింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"వచ్చినప్పట్నుంచి జేబు తడుముకుంటా ఉండావు. ఆడ ఏముండాదో ఆయప్పకు చెప్పబ్బా. ఎన్ని దినాలు కాసుకోనుంటాడు?"

జేబులోంచి పేపరు తీశాను. చెమటకు తడిసి మడతల దగ్గర చిరిగింది. నంబరు కనిపించేలా పట్టుకున్నాను. ఎవరికి చూపించడానికో తెలియదు.

"మామా, పాసైనా. బి.ఏ., సెకండ్ క్లాసు" అన్నాను. ఏదో తక్కువైందనిపించి, "నాయనకు ఇంగా చెప్పలేదు" అని కలిపాను.

చప్పుడు ఆగిపోయింది.

వాన ఆగినట్టు కాదు. వాన తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది. ఇది, మనం మాట చెబితే ఎదుటి మనిషి చేస్తున్న పని ఆపి వింటాడే, అలా ఆగింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

అత్త నా చేతిలోని పేపరు తీసుకొని కళ్ళకద్దుకుంది. చదవడం రాదు, తలకిందులుగా పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. అవ్వ ఆమెను పట్టుకొని కింద కూర్చుంది. కోడల్ని ఓదారుస్తుందనుకున్నాను. ఆమే ముందు వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆ ముసలామె కూడా ఎవరి ముందూ ఏడవలేదని నాకు తట్టనే లేదు. నేను తల్లిని మరిచిపోయి భార్యనే చూస్తూ ఉన్నాను. ఇద్దరి మధ్యా కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. అదొక్కటే నేను ఆ రోజు సరిగ్గా చేసిన పని.

ఎంతసేపటికో అత్త కొంగుతో మొహం తుడుచుకొని, "అవ్వకు పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. నాకూ ఆకలైతాంది" అంది.

రాగిసంగటి పొద్దుటిదే ఉంది. నేనే వడ్డించాను. అత్త నాలుగు ముద్దలు తింది. లెక్కపెట్టాను.

నేను పాసైన సంగతి కుడిచెవిలో అరిచి చెప్పించుకొని, తింటుండగా అవ్వ అంది, "ఈ చప్పుడు మాట గడప దాటగూడదు. దాటిందంటే ముగ్గుర్నీ బండి గట్టుకోని గోరంట్లకు తోలకపోతారు, వేపమండలు చాలవు."

అత్త నవ్వబోయింది. నవ్వు పూర్తిగా రాలేదు గానీ ప్రయత్నం చేసింది.

సాయంత్రం బస్సుకు రత్నమ్మ పెద్దమ్మ దిగింది. కొంగుముడిలో మంత్రించిన నిమ్మకాయలు రెండు, విభూతి పొట్లం. నడవలో అత్త కళ్ళు వాచిపోయి, ఎదురుగా సంగటి కంచంతో కూర్చొని ఉండటం చూసి ఆగిపోయింది.

"ఏమైందే?"

నేనూ అత్తా అవ్వ వైపు చూశాం. చివరికి అవ్వే అంది, "పిల్లోడు బి.ఏ. పాసైనాడంట. అది విని ఏడ్సింది."

"ఎప్పుడొచ్చింది కబురు?"

"బుధవారం పెద్దమ్మా" అన్నాను.

"బుధవారమా? నాలుగు దినాలు నోట్లో ఏం పెట్టుకోనుండావప్పా, బెల్లమా?" అని నన్ను తిట్టింది. తిడుతూనే అత్త పక్కన కూలబడింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి, "తిను తల్లీ, తిను" అంది. తర్వాత కొంగుముడి విప్పి అవ్వ ముందు పెట్టి, "మరి ఈ నిమ్మకాయలేం జేసేది?" అంది.

"చిత్రాన్నంలోకి పిండు" అంది అవ్వ.

ఆదివారం పొద్దున పురుగులు లేచాయి. ఆకు వేసింది అత్త. గదంతా మామూలు వాన. అందరం చిత్రాన్నం తిన్నాక, ఆ మధ్యాహ్నం నేను ధర్మవరానికి బయల్దేరాను. మా నాయన కబురు విని, ఆలస్యానికి కారణం విని, చాలాసేపు తలపాగా విప్పుకుంటూ చుట్టుకుంటూ ఉన్నాడు. "మీ మామ మాటే చెల్లిందిలే" అన్నాడు. తర్వాత ఊరంతా టముకేశాడు.

కాలేజీలో సైన్సు చదివిన స్నేహితుడొకడికి ఊరూ పేర్లూ దాచి ఈ సంగతి చెప్పాను. బాధలో ఉన్నవాళ్ళకు అలవాటైన చప్పుళ్ళు వినిపిస్తాయన్నాడు. సరే. అత్తకు వినిపించింది, ఒప్పుకుంటాను. నాకూ వినిపించిందనుకో. చెవిటి అవ్వకు మా ఇద్దరికంటే ముందు ఎందుకు వినిపించింది? వాకిట్లోకి పోతే ఎందుకు వినిపించలేదు? అంత సరిగ్గా ఆ మాట దగ్గరే ఎందుకు ఆగింది? దయ్యమనడానికి నాకు నోరు రాదు. కాదనడానికీ రాదు.

దసరాకు మళ్ళీ పోయాను. అత్త కొంచెం ఒళ్ళు చేసింది. కొత్త పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. మధ్యాహ్నం నేనూ అత్తా నడవలో గోడకానుకొని, అదే చోట, చాలాసేపు కూర్చున్నాం. ఈసారి నాకు విసుగనిపించలేదు.

"ఏమన్నా వినపడిందా?" అంది అత్త.

"లేదత్తా. నీకు?"

"నాకూ లేదు. చెప్పేకి నీ దగ్గర కబురేమీ లేదు గదా, ఇంగేం వస్తాడు? ఇంగో పరీచ్చ యాదన్నా రాయి."

ఆ రోజే ఇదంతా రాయడానికి కూడా ఒప్పుకుంది. "ఇప్పుడు నన్ను యాడికీ తోలకపోరులే" అంది.

ఇంతకంటే నాకేమీ తెలియదు. బి.ఇడి.కి దరఖాస్తు పెట్టాను.